పూతరేకును పట్టగల కెమెరా



మిర్రర్‌లెస్ కెమెరాను ఎట్లు ఎంచుకొనవలెను, దానితో మేలైన వీడియో ఎట్లు తీయవలెను అనునది ఈనాటి ప్రసంగ విషయము. కంటితో చూడదగిన వస్తువును గూర్చి చెవికి మాత్రమే చేరు రేడియోలో మాటలాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని నేనీ విద్యను శ్రద్ధతో నేర్చుకొనుటకు కారణమైనది, వినవలసి యుండియు వినరాకపోయిన ఒక పాట. కావున దానితోనే మొదలుపెట్టుట న్యాయమని తలచుచున్నాను.

మాది మండపేట. 1991లో మా అక్క పెండ్లి జరిగినప్పుడు, ఆ కాలపు వాడుక ననుసరించి, భుజముమీద మోయు పెద్ద కెమెరాతోను, కన్నులు చెదరగొట్టు ఫోకస్ లైటుతోను రాత్రియంతయు వీడియో తీయించిరి. తెల్లవారుజామున అప్పగింతల వేళ మా అమ్మయు మా పిన్నియు కలిసి పాట పాడిరి. అది అచ్చులో ఎక్కడను కానరాని పాట. మా అమ్మమ్మ నోటినుండి విని మా అమ్మ నేర్చుకొన్నది. నెల దాటిన పిమ్మట వీడియో క్యాసెట్టు ఇంటికి వచ్చినది. దానిని కూర్చినవారు, అప్పట్లో అందరు చేయుచుండినట్లే, అప్పగింతల ఘట్టమున అసలు శబ్దమును తుడిచివేసి, దానిపై ఒక సినిమాపాటను అతికించిరి. ఆనాడది ఎవరికిని లోపముగా తోచలేదు. పాట బాగా కుదిరినదని కూడ అనుకొంటిమి. అమ్మ పోయిన తరువాత, బూజుపట్టిన ఆ టేపును శుభ్రము చేయించి కంప్యూటరులోనికి ఎక్కించుకొని చూచుకొన్నప్పుడు గాని పోయినదేమో తెలిసిరాలేదు. అమ్మ పెదవులు కదులుచున్నవి. నడుమ కొంగుతో కన్నులు ఒత్తుకొని మరల అందుకొనుచున్నది. పిన్ని ఆమె భుజముపై చేయి వేసి వంత కలుపుచున్నది. వినవచ్చునది మాత్రము వేరెవరిదో గొంతు. ఆ నాలుగు నిమిషముల పాటలో పిన్నికిప్పుడు సగమే జ్ఞాపకమున్నది. తక్కిన సగము లేదు.

కావున, కెమెరా కొనబోవుచు సలహాకై నాకడకు వచ్చు పిల్లలను నేను మొట్టమొదట వారి చేతనున్న సొమ్మెంతయని అడుగను, మనసుపడిన కంపెనీ యేదియని అడుగను. "నీవు తీయబోవు వీడియోను ముప్పది యేండ్ల తరువాత ఎవరు చూచెదరు? చూచువారు అందులో దేనిని వెదకుకొందురు?" అని యడుగుదును. ఆ ప్రశ్నకు సమాధానము దొరకినచో ఏ లెన్సు, ఏ మైకు, ఎంత సెన్సారు అను చిక్కులన్నియు వాటంతట అవే విడిపోవును. దొరకనిచో ఎంత వెలపోసి కొన్నను ఆ యంత్రము బీరువాలో నిదురించును.

ఇక యంత్రము మాట. మిర్రర్‌లెస్ అను పేరును మా వైపు కొందరు 'అద్దములేని కెమెరా' యని తెలుగు చేసికొనిరి. మన భాషలో అద్దమనగా మొగము చూచుకొనునదియు అగును, కిటికీకి బిగించునదియు అగును. అందుచేత లెన్సే లేని కెమెరా కాబోలునని భ్రమపడినవారిని నేనెరుగుదును. అందు లేనిది దర్పణము. పాత డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాలలో లెన్సునకును సెన్సారునకును నడుమ 45 డిగ్రీల వాలున ఒక దర్పణము నిలిచి, లోనికి వచ్చిన కాంతిని పైకి మరల్చి, వ్యూఫైండరులో కంటికి చూపుచుండెడిది. ఫోటో తీయు క్షణమున అది పైకి లేచి కాంతికి దారి విడిచి మరల క్రిందికి పడెడిది. నిశ్చలచిత్రమునకు ఇంతకంటె చక్కని యేర్పాటు లేదు. వీడియో తీయునప్పుడు మాత్రము ఆ దర్పణము మొదటినుండి తుదివరకు పైకెత్తియే యుండవలెను గనుక, వ్యూఫైండరు గ్రుడ్డిదగును. దర్పణమును ఆశ్రయించి ఫోకసు కుదుర్చు భాగమునకును పని లేకుండపోవును. 2008లో నికాన్ డి90, కెనాన్ 5డి మార్క్ 2 అను కెమెరాలు ఈ అవస్థతోనే వీడియో తీయనారంభించినవి. అదే సంవత్సరమున పానసోనిక్ వారు జి1 అను కెమెరాలో దర్పణమును తీసివేసి, సెన్సారు చూచుచున్న దృశ్యమునే ఒక చిన్న తెరపై కంటికి చూపు పద్ధతిని తెచ్చిరి. విశేషమేమనగా, వీడియోకు ఇంత అనువైన ఆ పద్ధతితో పుట్టిన జి1 వీడియో తీయనే తీయదు. మరుసటి యేట వచ్చిన జిహెచ్1 ఆ పని చేసినది. 2013లో సోనీ ఎ7తో పాత ఫిల్ము పరిమాణమగు 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తుగల సెన్సారు ఈ జాతి కెమెరాలోనికి వచ్చినది. 2014లో పానసోనిక్ జిహెచ్4 తోడ 4కె వీడియో వచ్చినది. అటుపిమ్మట పెండ్లివారి యిండ్లలో పెద్ద కెమెరాలు కనబడుట క్రమక్రమముగా తగ్గిపోయినది.

దర్పణము పోవుటవలన కలిగిన రెండవ లాభమొకటి కలదు. దానిని అంగడివారు అంతగా చెప్పరు. కెనాన్ పాత కెమెరాలలో లెన్సు బిగించు చోటునకును సెన్సారునకును 44 మిల్లీమీటర్ల ఎడముండెడిది. నేటి మిర్రర్‌లెస్ కెమెరాలలో ఆ యెడము సోనీకి 18, కెనాన్‌కు 20, నికాన్‌కు 16 మిల్లీమీటర్లు మాత్రమే. మిగిలిన జాగాలో అడాప్టరు అను చిన్న గొట్టమును బిగించినచో ఫిల్ము కాలపు లెన్సులును చక్కగా పనిచేయును. మా ఊరిలో మూతపడిన ఒక ఫోటోస్టూడియో అలమారనుండి వచ్చిన నికాన్ 50 మిల్లీమీటర్ల లెన్సుతోనే నేను నేటికిని మనుష్యుల ముఖములు తీయుచుందును. దానికి ఆటోఫోకసు లేదు, వ్రేళ్లతో తిప్పుకొనవలెను. ఆ తిప్పుటలోనే ముఖమును నిదానముగా చూచుట అలవడినది.

గోదావరి తీరమువారికి చలనచిత్రము పరాయివిద్య కాదు. మాకు గంట ప్రయాణములోనున్న రాజమహేంద్రవరమున 1936లోనే నిడమర్తి సూరయ్యగారు దుర్గా సినీటోన్ స్టూడియో నెలకొల్పి ఆంధ్రదేశమునకు తొలి స్టూడియోను చూపిరి. బాపుగారు 1967లో 'సాక్షి' చిత్రమును గోదావరి యొడ్డున పులిదిండి గ్రామములో తీసిరి. 1975లో వారి 'ముత్యాలముగ్గు'నకు ఛాయాగ్రహణము నెరపిన ఇషాన్ ఆర్యగారికి జాతీయ పురస్కారము లభించినది. 1957లో 'మాయాబజార్' చిత్రములో మార్కస్ బార్ట్లేగారు వెన్నెలను దీపములతో కల్పించిన తీరు మీరెరిగినదే. వీరు వాడిన కెమెరాలకంటె నేడు నా సంచిలోనున్న కెమెరా చీకటిలో ఎన్నో రెట్లు ఎక్కువ చూడగలదు. అయినను ఆ చిత్రములయెదుట నా పనిని నిలుపుకొన జంకుదును. ఏలయనగా వారు వెలుగు ఎక్కడనుండి వచ్చుచున్నదో చూచుకొన్న తరువాతనే కెమెరాను ఎక్కడ నిలుపవలెనో నిర్ణయించిరి. మేము కెమెరాను నిలిపి, దీపము వెలిగించి, పిదప ఏమి జరుగుచున్నదో చూచుచున్నాము.

మెగాపిక్సెళ్లను చూచి కెమెరా కొనువారికి ఒక లెక్క చెప్పెదను. 4కె వీడియోలో అడ్డముగా 3840, నిలువుగా 2160, వెరసి 82,94,400 బిందువులు మాత్రమే యుండును. అనగా 83 లక్షలు. సోనీ వారు 2020లో ప్రధానముగా వీడియో కొరకు రూపొందించిన ఎ7ఎస్ 3 కెమెరాలో మెగాపిక్సెళ్లు 12 మాత్రమే. ఆ సెన్సారుపై ఒక్కొక్క బిందువు పెద్దది గనుక చీకటిలో అది ఎక్కువ కాంతిని కూడగట్టుకొనును. వీడియో తీయువానికి 40, 50 మెగాపిక్సెళ్ల వలన ఒరుగునది స్వల్పము. వానికి కావలసినది వేరొకటి కలదు, అది బిట్లు. 8-బిట్ వీడియోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలములకు తలకు 256 మెట్లు. మూడింటిని కలిపిన 1 కోటి 67 లక్షల వర్ణచ్ఛాయలు. 10-బిట్ వీడియోలో తలకు 1024 మెట్లు. కలిపినచో 107 కోట్ల ఛాయలు. సాయంకాలమున గోదావరిమీది ఆకాశము నారింజనుండి ఊదాకు దిగునప్పుడు 8-బిట్ కెమెరాలో అది మెట్లుమెట్లుగా విరుగును. 10-బిట్ కెమెరాలో పట్టుచీర మడతవలె జారును. కావున 2018నాటి ఎ7 3 వంటి పాత కెమెరా చౌకగా దొరకినను, 2021నాటి ఎ7 4, 2023నాటి పానసోనిక్ ఎస్5 2 వంటి 10-బిట్ కెమెరాలవైపే నా మనసు మొగ్గును. లాగ్ అను చప్పని రంగులతో తీసి, తరువాత కంప్యూటరులో రంగులు దిద్దుకొను పద్ధతిని 8-బిట్ కెమెరాలో అవలంబించుట నాకు సమ్మతము కాదు. దిద్దిన కొలది అది చీలును. దిద్దుటకు తీరిక లేనివారు 10-బిట్ కెమెరా యున్నను లాగ్ జోలికి పోకుండుటయే మేలు.

ఇప్పుడు మన దేశమునకే ప్రత్యేకమైన ఒక సూక్ష్మమును విన్నవించెదను. పెండ్లిపందిళ్లలో తీయు కుర్రవాండ్రకు దీనికంటె ఉపయోగకరమగు మాట నావద్ద లేదు. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగును. అందుచే ట్యూబులైట్లు, తక్కువరకపు ఎల్.ఇ.డి. దీపములు సెకనుకు 100 మార్లు వెలుగు హెచ్చించి తగ్గించుచుండును. కంటికది తెలియదు, కెమెరాకు తెలియును. కెమెరాను అమెరికా పద్ధతిలో సెకనుకు 30 ఫ్రేములు, 1/60 షట్టరు అని పెట్టితిరా, ఒక్కొక్క ఫ్రేములో ఒక్కొక్క మోతాదున వెలుగు పడి, పందిరిమీద నల్లని పట్టీలు పైకి ప్రాకుచుండును. కెమెరా మెనూలో పాల్ అను పద్ధతిని ఎంచుకొని, 25 ఫ్రేములు, 1/50 షట్టరు ఉంచినచో ఒక్కొక్క ఫ్రేములో దీపపు తళుకులు సరిగా రెండు ఇముడును, పట్టీలు మాయమగును. కొన్ని కెమెరాలలో ఈ మార్పు చేయగానే కార్డును మరల ఫార్మాట్ చేయుమని అడుగును; కావున పెండ్లికి ముందురోజు ఇంటివద్దనే చేసికొనవలెను గాని పీటలవద్ద కాదు. సీరియల్ సెట్లు, ఎల్.ఇ.డి. తెరలు ఈ లెక్కకు లొంగవు. వాటికై షట్టరును దశాంశములలో సవరించుకొను సౌకర్యము కొన్ని కెమెరాలలో కలదు, అది ఉన్నదో లేదో కొనునప్పుడే చూచుకొనుడు.

షట్టరు 1/50 వద్ద నిలుపవలెనని చెప్పగానే ఒక సందేహము పుట్టును. మధ్యాహ్నపు టెండలో అంత నిదానమైన షట్టరుతో తీసినచో చిత్రము తెల్లబారిపోదా? పోవును. ఐ.ఎస్.ఓ. 100 వద్ద ఎర్రని యెండలో ఎఫ్22 వరకు లెన్సును మూయవలసి వచ్చును. అట్లు మూసినచో వెనుకనున్న కరెంటుస్తంభము, దానిమీది ఫ్లెక్సీ బోర్డు, అన్నియు మనిషి ముఖమంత స్పష్టముగా కనబడి, ముఖము ముఖముగా నిలువదు. ఎఫ్2.8కు తెరచుటకు ఆరు మెట్ల కాంతిని, అనగా 64 వంతులలో 63 వంతులను అడ్డుకొనవలెను. ఆ పని చేయునది లెన్సుకు ముందు బిగించు ఎన్.డి. ఫిల్టరు. కెమెరాకు నల్లకళ్లద్దములని దీనిని మా పిల్లలు పిలుతురు. ఆ పేరు నాకు నచ్చినది. కెమెరాతోపాటే దీనిని కొనుడు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభలతీర్థమునకు పోయి, పదునొకండు గ్రామముల రుద్రులు కూడు ఆ తోటలో, 'అశరభ శరభ' యను కేకలమధ్య ఎండలో మెరయు ప్రభలను ఫిల్టరు లేక తీయజూచినవారికి దీని విలువ తెలిసియేయుండును. 2023 గణతంత్ర దినోత్సవమున మన రాష్ట్ర శకటముగా ఢిల్లీలో కదలిన తీర్థమది. గంగలకుర్రు ప్రభను భుజములమీద మోయుచు కౌశిక నీటిలో దిగి దాటించునప్పుడు దానిపై చుట్టిన దారముల యెరుపులు, పసుపులు కెమెరాలో పొంగిపోయి, పోగులన్నియు ఒకే ముద్దగా కనబడును. ఎరుపు వన్నె తక్కిన రంగులకంటె ముందుగా నిండిపోవుటయే దీనికి కారణము. ఒక మెట్టు తగ్గించి తీసినవారికి పోగు పోగుగా దక్కును.

కెమెరా ఎంపికలో నేను చేసిన తప్పిదమొకటి చెప్పవలెను. ఒక శ్రీరామనవమి పందిరిలో, ఆ తరము కథకులలో మిగిలిన ఒక పెద్దాయన హరికథ చెప్పుచుండగా, నేను కెమెరాను ట్రైపాడుపై నిలిపి, బొత్తాము నొక్కి, కథలో లీనమై కూర్చుంటిని. చిడుతలు, హార్మోనియము, మృదంగము, గజ్జెలు. ఆయన గొంతు మూడవ జామునకు గాని పూర్తిగా విచ్చుకొనదని అందరు నెరుగుదురు. ఇంటికి వచ్చి చూతును గదా, కెమెరాలోనిది 29 నిమిషముల 59 సెకనుల కథ మాత్రమే. యూరపు దేశములలో ఒక్క విడతగా 30 నిమిషములు, అంతకు పైబడి తీయగల యంత్రమును వీడియో కెమెరాగా లెక్కించి అధికసుంకము విధించు నియమముండెడిది. దానిని తప్పించుకొనుటకై అనేకములైన కెమెరాలు ఆ సెకను దగ్గర తమంతట తామే ఆగిపోవునట్లు చేయబడినవి. ఎక్కడో సముద్రముల కావలి సుంకపు లెక్క మా రామాలయపు పందిరిలో ఒక వృద్ధ కథకుని గొంతును కోసివేయునని నేను ఊహింపలేకపోతిని. ఊహింపవలసియుండెను, వివరపత్రములో అది వ్రాసియేయున్నది. నేడు వచ్చు కెమెరాలలో చాలవాటికి ఆ హద్దు లేదు. అయినను కొనుటకు ముందు దుకాణములోనే కెమెరాను 40 నిమిషములు నడిపించి చూపుమని అడుగుటకు మొగమాటపడవలదు.

అట్లు నడిపించి చూచుటవలన వేడి సంగతియు బయటపడును. మన రోహిణీకార్తెలో నీడలోనే 40 డిగ్రీలు దాటును. పందిరిలో జనముల ఊపిరి దానికి తోడగును. 4కె తీయుచున్న సెన్సారు తనంతట తానును వేడెక్కి, కొన్ని కెమెరాలు సరిగా మాంగల్యధారణ వేళకు ఎర్రని థర్మామీటరు గుర్తు చూపి కన్నుమూయును. 2019లో పానసోనిక్ ఎస్1హెచ్ లోపలనే చిన్న పంకాతో వచ్చినది. ఎస్5 2 లోను, సోనీ ఎఫ్ఎక్స్3 లోను పంకాలు కలవు. గంటలకొలది సాగు కార్యములు తీయువారికి నేను పంకాగల కెమెరానే సూచింతును. తేమ మరియొక శత్రువు. కాలువల నడుమనున్న మన సీమలో లెన్సు లోపల సాలెగూడువంటి బూజు ఒక్క వర్షాకాలములో పట్టును. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో గాని, 40 నుండి 50 శాతము తేమ నిలుపు డ్రై క్యాబినెట్టులో గాని లెన్సులను దాచవలెను. బియ్యపు డబ్బాలో దాచుమని కొందరు చెప్పుదురు. మండపేట బియ్యపు మిల్లుల ఊరు గనుక చెప్పుచున్నాను: బియ్యమున్నచోట తవుడు దుమ్ముండును, అది లెన్సు మరలలో దూరినచో ఇక వదలదు.

ఇక ఆత్రేయపురము సంగతి చెప్పెదను. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకులను చుట్టు ఆ ఊరికి, మండపేటనుండి ఆలమూరు మీదుగా జొన్నాడకు పోయి, గౌతమి వంతెన దాటి, రావులపాలెము మీదుగా చేరుదుము. అక్కడ ఒక పెంకుటింటి వసారాలో, నలుబది యేండ్లుగా రేకులు తీయుచున్న ఒకామె పనిని నేను మొన్న వేసవిలో వీడియో తీసితిని. ఏ కెమెరా మంచిదో తెలిసికొనగోరువారు ఆ కుండయెదుట ఒక సాయంకాలము కూర్చున్న చాలునని నా నిశ్చితాభిప్రాయము.

ఏలయనగా అక్కడ కెమెరాకు కష్టమైనవన్నియు ఒకచోట కూడినవి. బోర్లించిన పెద్ద కుండ, పొగచూరిన నలుపు. దానిక్రింద ఎండుకొబ్బరాకుల మంట, ఎరుపు. వాకిటనుండి పడు వెలుగు, నీలము. ఆ నలుపుమీద లేచు రేకు, తెలుపు. అది సాధారణమైన తెలుపు కాదు. వెనుకనున్న చేయి లీలగా కనబడునంత పలుచనిది. ఆమె పలుచని బియ్యపుపిండి నీటిలో తెల్లని గుడ్డను ముంచి, రెండు చేతులతో పరచిపట్టి, కుండమీద ఒక ఊపున ఈడ్చును. చుయ్‌మని ఆవిరి లేచునంతలో రేకు తయారై, అంచు తనంతట తాను విడివడును. వ్రేలికొనతో ఎత్తి ప్రక్కనున్న దొంతరపై ఉంచును. అంతయు ఒక గుక్కెడు ఊపిరి పట్టునంత కాలములో జరిగిపోవును.

మొదట కెమెరాను ఆటోలో ఉంచి తీసితిని. వసారా చీకటిని చూచి అది వెలుగును పెంచివేసెను. రేకు చాకింటినుండి వచ్చిన గుడ్డవలె తెల్లని ముద్దగా మారెను. పారదర్శకత్వము పోయిన పూతరేకు పూతరేకే కాదు. పిమ్మట ఆటోను మాని, జీబ్రా అను చారలను తెరపై తెప్పించుకొని, రేకు అంచున చారలు ఇంచుక తగిలి మాయమగునంత వరకు వెలుగును దించితిని. కుండ మరింత నల్లబడినది, పడనిమ్మని విడిచితిని. 10-బిట్ వీడియోలో ఆ నలుపునుండి కొంత మరల తెచ్చుకొనవచ్చును, కాలిపోయిన తెలుపునుండి తెచ్చుకొనునది ఏమియు లేదు. తెలుపు సమతూకమును కెమెరా యిష్టమునకు విడువక 4300 కెల్విన్ల వద్ద స్థిరపరచగా మంట ఎర్రగాను, వాకిలి నీలముగాను నిలిచినవి. ఇంటిలో అవి ఉన్నవి అట్లే గదా.

ఫోకసు మరియొక తంటా. నేటి కెమెరాలు ముఖమును గుర్తుపట్టి వెంబడించుటలో అసాధారణ ప్రజ్ఞ గలవి. ఆమె ముఖమును అది క్షణమైనను విడువలేదు. కాని కథయంతయు ఆమె చేతులలో నున్నది. ముఖమును గుర్తించు ఏర్పాటును ఆపి, 50 మిల్లీమీటర్ల పాత లెన్సుతో కుండ భుజమువద్ద ఫోకసు నిలిపి, ఇక దానిని ముట్టనైతిని. వెంట వచ్చిన మా మేనల్లుడు సెకనుకు 50 ఫ్రేములతో తీసి సగము వేగమున చూపిన ఎంతో సొగసుగా నుండునని పట్టుపట్టినాడు. ఒకటి రెండు అట్లును తీసితిమి. నిజమే, సొగసుగానే ఉన్నవి. అయినను నేను వాటిని ప్రక్కన బెట్టితిని. ఆ పనిలోని విద్య అంతయు దాని వేగములో నున్నది. సావధానముగా చూపినచో, ఇది ఎవరైనను చేయవచ్చునని ముప్పది యేండ్ల తరువాత చూచువారు అనుకొందురు.

శబ్దము కొరకు కెమెరాపై మైకు పెట్టుట నేను మానివేసి చాలకాలమైనది. ఎంత మంచి మైకైనను ఆరడుగుల దూరమున నున్నచో అది గదిని వినును గాని మనిషిని వినదు. చిన్న రికార్డరును కుండకు ఒక మూర దూరమున, వేడి తగులని గూటిలో ఉంచి, ఆవిరి చప్పుడు ఎక్కువైనప్పుడు పగులకుండ మైనస్ 12 డెసిబెళ్లకు మించనీయక మట్టు కుదిర్చి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొంటిని. తగిలించుకొనగానే గోడమూలనున్న టేబులుఫ్యాను ఒక విమానము వలె వినబడినది. ఆపవచ్చునాయని ఆమెనడిగితిని.

"ఫ్యానాపేత్తే పొగంతా మొకం మీదికే కొడతాది బాబూ, ఆయ్," అన్నదామె. మరుక్షణముననే, "పర్లేదులెండి, ఓ పది రేకులు తీసేదాకా ఓర్చుకుంటాను," అని తానే లేచి ఆపినది.

ఆ పది రేకుల కాలమున ఆమె కన్నులనుండి నీరు కారుచునే యున్నది. పని చేయువారి కష్టమును ఒకింత పెంచియే మనము ఈ మేలైన శబ్దములను సంపాదించుచున్నామన్నది ఆనాడు బాగుగా తెలిసినది. పదవ రేకు ముగియగానే ఫ్యాను వేయుటకు నేనే లేచితిని. తరువాత హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టి వినిపించితిని. తన పని శబ్దమును ఆమె అంతకు ముందెన్నడు వినలేదట. చేయుచుండగా వినబడినను విననట్లేనట. "వానలాగుంది," అన్నది.

నాటి దినమున తీసినది గంటసేపు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున గంటకు 45 గిగాబైట్లగును. ఇంటికి చేరిన రాత్రియే రెండు హార్డ్ డిస్కులపై నకళ్లు తీసి, ఒకటి నాయొద్ద ఉంచి, రెండవదానిని కాకినాడలోనున్న మా అక్క యింటికి పంపితిని. గోదావరికి వరద వచ్చినను, ఇంటికి దొంగ వచ్చినను రెండును ఒకేమారు పోవు. డిస్కుపై ఒక కాగితము అతికించి, తేది, ఊరు, అక్కడ వినబడు గొంతులు ఎవరెవరివో వ్రాసియుంచితిని. మా అమ్మ పాట మీద అట్టి కాగితమైనను ఉండియుండిన ఎంత బాగుండెడిది. ఆ కాగితము వ్రాయుచుండగా మా అక్క ఫోను చేసి, పిన్నిని కూర్చుండబెట్టి జ్ఞాపకమున్న సగము పాటనైనను పాడించి తీయరాదా అని అడిగినది. వచ్చు ఆదివారము ఆ పని పెట్టుకొంటిని. పిన్నికి కెమెరాయన్న బిడియము. దానిని దూరముగా గుమ్మము నీడలో నిలిపి, కాలరు మైకు ఒక్కటి మాత్రము ఆమె కొంగు మడతలో దాచి, దీపమేమియు వెలిగింపక, అక్కచేత మాట కలిపింపవలెనని అనుకొనుచున్నాను.

ఈ ప్రసంగము ముగియుచున్నది గనుక, ఆత్రేయపురపు రికార్డులోనుండి పదునైదు సెకనుల శబ్దమును ఇప్పుడు మీకు వినిపింతుము. మొదట వినబడునవి ఎండాకుల మంట చిటపటలు. పిమ్మట వానవంటి చప్పుడు, గుడ్డ కుండమీద జారుట. దాని వెనువెంటనే వినబడు సన్నని గాజుల సవ్వడి ఆమె రేకును ఎత్తుటకు చేయి చాచినప్పటిది.